కొత్త రైతు అడిగినప్పుడు

మా రొయ్య రైతుల వాట్సాప్ గ్రూపులోకి కొత్తవాళ్లు ఎవరొచ్చినా స్వాగతానికి లోటుండదు. దండాల బొమ్మలు, గులాబీలు, 'వెల్‌కమ్ అండి' అంటూ పది పదిహేను మెసేజ్‌లు నిమిషాల్లో వచ్చి పడతాయి. మర్యాద దగ్గర గోదావరి వాళ్లను ఎవరూ వేలెత్తి చూపలేరు. ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. ఆ కొత్త మనిషి మొదటి ప్రశ్న అడుగుతారు. గబగబా జవాబులు వస్తాయి. వాటిలో ఒక్క ముక్క కూడా ఆయనకు అర్థం కాదు. 'సరేనండి' అని పెట్టి ఊరుకుంటారు. ఇక వాళ్ల నుంచి మాటా పలుకూ ఉండదు.

నేను భీమవరానికీ ఆకివీడుకీ మధ్య ఒక చిన్న ఆక్వా ల్యాబులో నీటి పరీక్షలు చేస్తాను. ఆ గ్రూపు అడ్మిన్లలో నేనూ ఒకదాన్ని. ఉండి, కాళ్ల, మొగల్తూరు, నరసాపురం వైపు రైతులు ఎక్కువ. ఏటి అవతల రాజోలు వాళ్లు కూడా కొందరున్నారు. ఆ 'సరేనండి' చూసినప్పుడల్లా నాకు మనసులో కలుక్కుమంటుంది. దాని వెనక లీజు డబ్బులుంటాయి, మేత దుకాణంలో అరువు ఉంటుంది, చాలాసార్లు ఇంటావిడ మెడలోని బంగారం కూడా ఉంటుంది. అడగాల్సినవాళ్లు అడగడం మానేస్తే పోయేది అదంతా.

ఆషాఢంలో రెండు మూడు రోజులుగా మబ్బు పట్టి ఉన్నప్పుడు, తెల్లవారుజామున గ్రూపులోకి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. మొగల్తూరు వైపు నుంచి ఒకమ్మాయి. "నమస్కారమండి. మా ఆయన ఖతార్‌లో ఉంటారండి. చెరువు నేనూ మా మావగారూ చూసుకుంటన్నామండి. రొయ్యలన్నీ పైకొచ్చేసి గట్టెమ్మటే తిరుగుతున్నాయండి. టార్చి వేస్తే కళ్లు మెరుస్తున్నాయండి. ఏం చెయ్యాలో కాస్త చెప్పండి." గొంతులో వణుకు తెలుస్తూనే ఉంది. వెనక ఎవరో పెద్దాయన దగ్గుతున్నారు.

ఆ వేళప్పుడు కూడా మావాళ్లు మేలుకునే ఉంటారు. చెరువు ఉన్నవాళ్లకు తెల్లవారుజామున నిద్ర ఎక్కడిది? వరసగా జవాబులు వచ్చాయి. "డీవో డ్రాప్. ఫుల్ ఏరేషన్ ఇవ్వండి." "డీఓసీ ఎంత? డెన్సిటీ?" "బ్లూమ్ క్రాష్ అయ్యుంటుంది, ఆల్క్ చూసుకోండి." "మొన్నటి జువ్వలపాలెం కేసులాగే ఉంది." "ఫీడ్ కట్, పెర్కార్బ్ కొట్టండి."

ఒక్కటీ తప్పు జవాబు కాదు. ఎవరూ చులకనగా మాట్లాడలేదు. నిద్ర మానుకుని సాయం చేయడానికే వచ్చారు. అయినా ఆ అమ్మాయి నుంచి చాలాసేపు ఏమీ రాలేదు. నేను ఫోన్ చేశాను. ముందు ఏరేటర్లు, అంటే నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాలు, ఎన్నున్నాయో, తిరుగుతున్నాయో లేదో అడిగాను. నాలుగున్నాయట, కరెంటు బిల్లు కలిసొస్తుందని రెండే వేస్తున్నారట. నాలుగూ వేసేయమన్నాను. ఈ పూట మేత ముట్టుకోవద్దన్నాను. చెరువులోకి దిగి అడుగు బురద కెలకొద్దన్నాను. ఆక్సిజన్ బిళ్లలు ఇంట్లో ఉంటే రొయ్యలు ఎక్కువగా గుంపు కట్టిన చోట చల్లమన్నాను. ఎండ వచ్చేదాకా గట్టు మీదే ఉండి, అవి కిందికి దిగుతున్నాయో లేదో చూడమన్నాను. కొన్ని పోయాయి. మిగతావి నిలబడ్డాయి.

గ్రూపులో చెప్పిందే నేనూ చెప్పాను. 'డీవో డ్రాప్' అంటే నీళ్లలో కలిసిన ఆక్సిజన్ తగ్గిపోయిందనే. పగలు నీళ్లలోని పచ్చటి నాచు ఎండ తీసుకుని ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు, రొయ్యలతో పాటు ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే తెల్లవారే ముందు చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. మబ్బు రోజుల్లో పగలు తయారైందే తక్కువ కాబట్టి రాత్రికి ఇంకా కరువు. లీటరు నీళ్లకు 4 మిల్లీగ్రాములకు పైన ఉండేలా చూసుకుంటాం. 3 కన్నా దిగితే రొయ్యకు గండమే. ఇదంతా తెలిసినవాళ్లకు 'డీవో' అన్న రెండక్షరాల్లో ఇమిడిపోతుంది. తెలియని ఆ అమ్మాయికి అది ఏదో మందు పేరులా వినిపించిందట. మిగతావీ అంతే: 'డీఓసీ' అంటే పిల్ల వేసి ఎన్ని రోజులైందని, 'బ్లూమ్ క్రాష్' అంటే ఆ పచ్చ నాచు ఒక్కసారిగా చచ్చిపోవడం, 'ఆల్క్' అంటే నీళ్ల ఆల్కలినిటీ, 'పెర్కార్బ్' అంటే ఆక్సిజన్ ఇచ్చే మందు.

గ్రూపులో మా పెద్దాయన ఒకరున్నారు. టైగర్ రొయ్య రోజుల నుంచి ఈ పనిలో ఉన్నవారు. 1990ల నడుమ తెల్ల మచ్చల జబ్బు వచ్చి చెరువులకు చెరువులు ఊడ్చుకుపోవడం కళ్లారా చూసినవారు. మాటలు విడమరిచి చెబుదాం అని నేను అన్నప్పుడు ఆయన ఒప్పుకోలేదు. "మాకెవరు విడమరిచి చెప్పారమ్మా? వినగా వినగా అవే వచ్చాయి. ఈ కాలం పిల్లలకు అన్నీ నోట్లో పెట్టాలా?" అన్నారు. ఆయన మాటను కొట్టిపారేయలేను. ఆయన అనుభవం నాలాంటి వాళ్లు చదివిన చదువు కంటే పెద్దది.

కానీ ఆయన నేర్చుకున్నది గట్టు మీద. పక్క చెరువు ఆయన, మేత పెట్టి నీళ్లలోకి దించిన చెక్ ట్రే పైకి లాగి, అందులో మిగిలిన మేత చూపించి "ఇదిగో, తినలేదు చూడు, రేపు తగ్గించు" అన్నారు. చెక్ ట్రే అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు, అది కళ్లముందే ఉంది. రొయ్యను అరచేతిలో పెట్టి, వీపు మీద నల్లగా కనిపించే పేగు చూపించి "పేగు నిండా ఉందంటే బాగున్నట్టే" అన్నారు. మాటతో పాటే వస్తువూ వచ్చింది. ఫోన్లో అలా కాదు, మాట ఒక్కటే వస్తుంది. దానికి తోడు 2009లో వనామీ అనే కొత్త రకం రొయ్యకు ప్రభుత్వం అనుమతి ఇచ్చాక రొయ్య పిల్లల్ని ఒత్తుగా వేయడం, ల్యాబు పరీక్షలు, కంపెనీ టెక్నీషియన్లు, కొత్త జబ్బులు అన్నీ పెరిగాయి. వాటితో పాటు ఈ పొట్టి పేర్లూ పెరిగాయి. ఆయన ఇరవై ముప్ఫై ఏళ్లలో ఒక్కొక్కటిగా నేర్చుకున్న మాటల్ని ఇప్పటి కొత్త రైతు ఒక్క పంటలో, అదీ చెరువు ఆపదలో ఉన్నప్పుడు నేర్చుకోవాలి. కొత్త కోడలికి వంటిల్లు అప్పజెప్పి ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పకపోతే ఎలా?

అన్నిటికంటే ఎక్కువ మందిని తికమక పెట్టేది కౌంటు. మనకు అది ఎంత అలవాటైపోయిందంటే, దానిలో అర్థం కానిది ఏముందనిపిస్తుంది. కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంటు. 100 కౌంటు అంటే ఒక్కో రొయ్య 10 గ్రాములు. 50 కౌంటుకు వస్తే 20 గ్రాములు. 30 అంటే 33 గ్రాముల పైమాటే. అంటే అంకె తగ్గే కొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. కొత్తవాళ్లకు ఇది తలకిందులుగా ఉంటుంది. గ్రూపులో 'కౌంటు దిగుతోంది' అని సంతోషంగా పెడితే, ఏదో నష్టం వచ్చిందేమోనని పరామర్శించిన కొత్త రైతును చూశాను. ఆయన మంచి మనసుతో పెట్టిన మెసేజ్ అది. కింద నవ్వు బొమ్మలు పడ్డాయి. ఆయన ఆ తర్వాత ఏమీ పెట్టలేదు. ఆ నవ్వు బొమ్మలు పెట్టినవాళ్లకు విడివిడిగా ఫోన్ చేసి చెప్పాను. రేటు బేరం కమిషన్ ఏజెంటుతో కౌంటు మీదే జరుగుతుంది. అది అర్థం కాని రైతు పట్టుబడి రోజున, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజున, ఎంత నష్టపోతాడో మీకు తెలుసు కదా అన్నాను.

ఇంకో గొడవ కొలతలతో. మనవాళ్లు "నేను లక్ష వేశాను" అంటారు. ఎకరాకు లక్ష అని ఒకరి ఉద్దేశం, మొత్తం రెండెకరాల చెరువులో లక్ష అని ఇంకొకరి ఉద్దేశం. ఎకరాకు లక్ష అంటే చదరపు మీటరుకు దాదాపు 25 పిల్లలు. ప్రభుత్వ కాగితాల్లో లెక్కంతా చదరపు మీటర్లలోనే ఉంటుంది, 60కి మించి వేయకూడదని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నియమం. ఎకరాల్లో మాట్లాడే రైతుకు ఆ 60 అంటే ఏమిటో ఎవరో ఒకరు లెక్క కట్టి చెప్పాలి. "లీటరు కొట్టండి", "కేజీకి 10 గ్రాములు" అనేవి దీనికంటే ప్రమాదం. లీటరు ఎకరాకా, చెరువు మొత్తానికా? కేజీ అంటే మేత కేజీయా, రొయ్య కేజీయా? పాతవాళ్లకు అడగకుండానే తెలుస్తుంది. కొత్తవాళ్లు అడగడానికి మొహమాటపడి, ఊహించుకుని పోసేస్తారు.

ఇవన్నీ శాస్త్రం మాటలు. వీటికి తోడు మా గ్రూపు సొంత మాటలున్నాయి, వాటి సంగతి ఎవరూ పట్టించుకోరు. 'జువ్వలపాలెం కేసు' అంటే నాకు తెలుసు, పాతవాళ్లకు తెలుసు. జనరేటర్‌లో డీజిల్ అయిపోయి ఒక రాత్రి ఏరేటర్లు ఆగిపోయిన చెరువు అది. నిన్న చేరినవాళ్లకు అది ఎలా తెలుస్తుంది? 'డాక్టరు గారి డోసు' అంటారు. ఆ డాక్టరు గారు గ్రూపు వదిలి వెళ్లిపోయి చాలాకాలమైంది. 'పైన పెట్టాం చూసుకోండి' అంటారు. పైన అంటే వేల మెసేజ్‌ల పైన. ఇలాంటి మాట విన్న కొత్త మనిషికి అర్థం కాకపోవడమే కాదు, నేను ఈ ఇంటి మనిషిని కాను అనిపిస్తుంది. అది అసలైన నష్టం అని నా ఉద్దేశం. తెలియని మాటకు అర్థం అడిగి తెలుసుకోవచ్చు. పరాయివాణ్ణి అనిపించాక ఎవరూ అడగరు.

అడగనివాళ్లు ఎక్కడికి వెళ్తారో నాకు ల్యాబులో కనిపిస్తుంది. మందుల దుకాణానికి వెళ్తారు. నాలుగు డబ్బాలు, రెండు క్యాన్లు సంచిలో వేసుకుని మా దగ్గరికి వస్తారు. "వైబ్రియో లోడ్ ఎక్కువగా ఉందన్నారండి, ఇవి ఇచ్చారు" అంటారు. వైబ్రియో అంటే రొయ్యకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా. అప్పటికి నీళ్లు పరీక్షే చేయించలేదు. పేరు కూడా సరిగా లేని డబ్బాలు ఉంటాయి కొన్ని. వాటిలో వాడకూడని యాంటీబయాటిక్ ఏదైనా ఉంటే, క్లోరాంఫెనికాల్ లాంటిది, నైట్రోఫ్యూరాన్ లాంటిది, ఎగుమతి పరీక్షలో బయటపడి సరుకు తిరగ్గొడతారు. ఆ రైతుకు కావాల్సింది బహుశా ఒక్క పూట మేత తగ్గించడమే. అది మన గ్రూపులో ఎవరైనా ఊరికే చెప్పగలిగేది.

పైగా ఇది ఎవరి చెరువు వాళ్లు చూసుకుంటే సరిపోయే చోటు కాదు. మన డెల్టాలో ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పటి నుంచి, అంటే 1852 నుంచి, ఊరూరూ కాలువలతో కలిసిపోయి ఉంది. పంట కాలువ నీళ్లు అందరివీ, మురుగు కాలువ కూడా అందరిదీ. ఒకరు వదిలిన నీళ్లు దిగువ చెరువు వాళ్లు మోటారు వేసి తోడుకుంటారు. ఒక చెరువులో తెల్ల మచ్చలు కనిపిస్తే కొత్త రైతుకు మనం చెప్పేది 'బయోసెక్యూరిటీ పాటించండి, ఎక్స్చేంజ్ ఆపండి' అని. భయంలో ఉన్న మనిషికి ఆ మాటల్లో ఏం అందుతుంది? నీళ్లు బాగాలేవు కాబట్టి మార్చేద్దామని తూము ఎత్తేస్తాడు. ఒక్క రాత్రిలో ఆ నీళ్లు ఎందరి చెరువుల్లోకి వెళ్తాయో. 'చుక్క నీరు కూడా మురుగు కాలువలోకి వదలొద్దు, బ్లీచింగ్ చల్లి నీళ్లు చెరువులోనే నిలబెట్టండి, మీ వల పక్కవాళ్లకు ఇవ్వొద్దు, ఈ చెరువులో దిగిన కాళ్లతో ఇంకో చెరువులో దిగొద్దు' అని చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. పీతలు ఎక్కి రాకుండా గట్టు చుట్టూ వల కట్టడం, కొంగలు వాలకుండా పైన దారాలు లాగడం, అదే బయోసెక్యూరిటీ. చేతులతో చేసే పనులుగా చెబితే అంతా సులువే.

అందుకని గ్రూపులో చేరగానే కనిపించే మెసేజ్ తిరగరాశాను. ఇంతకుముందు అందులో 'సంబంధం లేని పోస్టులు పెట్టరాదు' అన్న నియమాలే ఉండేవి. ఇప్పుడు మొదటి వరుస ఇలా ఉంటుంది: "మీ చెరువులో కనిపించింది కనిపించినట్టు చెప్పండి. పేర్లు తెలియక్కర్లేదు. నీళ్ల రంగు, రొయ్య ఎక్కడ తిరుగుతోంది, చెక్ ట్రేలో మేత మిగిలిందా, పిల్ల వేసి ఎన్ని రోజులైంది, ఇవి చెబితే చాలు. రాయడం కష్టమైతే వాయిస్ పెట్టండి." ఆ తర్వాత ఒక మాట పాతవాళ్లకు: కొత్తవారికి జవాబిచ్చేటప్పుడు ముందు ఇప్పుడు ఏం చేయాలో చెప్పండి, ఎందుకో తర్వాత చెప్పండి, పేరు చివర్లో చెప్పండి.

పేరు చివర్లో అన్నాను, అసలు వద్దనలేదు. ఆ మాటలు రైతుకు రావాలి. వనామీ పిల్లను కొనేటప్పుడు పీఎల్ 10, పీఎల్ 12 అని హేచరీ వాళ్లు, అంటే పిల్లను పుట్టించి అమ్మేవాళ్లు, అంటారు, అది పోస్ట్ లార్వా దశకు వచ్చి ఎన్ని రోజులైందో చెప్పే అంకె. ఆ సంగతి తెలియకపోతే సీడు దగ్గరే మోసపోతారు. ఈహెచ్‌పీ పరీక్ష చేయించారా అని అడగడం తెలియాలి. ఎదుగుదలను చంపేసే ఆ జబ్బు పిల్లతోనే చెరువులోకి రావచ్చు, రొయ్య చావదు, అలాగని పెరగదు, మేత మాత్రం తింటూనే ఉంటుంది. ఎఫ్‌సీఆర్ తెలియాలి. కేజీ రొయ్యకు ఎన్ని కేజీల మేత పట్టిందో ఆ లెక్క అది. టన్ను రొయ్యకు టన్నున్నర మేత అయిందంటే 1.5, టన్నూ మూడు వందల కేజీలే అయితే 1.3. ఆ తేడాలోనే లాభం ఉంటుంది. తెల్లవారుజామున వాయిస్ పెట్టిన ఆ మొగల్తూరు అమ్మాయి ఇప్పుడు గ్రూపులో 'మా డీవో 4.2 ఉందండి' అని పెడుతోంది, మీటరు కొనుక్కుంది. ముందు గట్టు మీద నిలబడి చూసింది కాబట్టి ఆ మాట ఇప్పుడు ఆమెది.

అందరూ ఇలా రాయడం లేదు. తొందరలో ఉన్నవాళ్లు ఇప్పటికీ నాలుగక్షరాల్లో పెట్టేస్తారు, దానికి వాళ్లను తప్పు పట్టను. వాళ్ల చెరువులు వాళ్లకున్నాయి. అప్పుడు పక్కనుంచి ఇంకెవరైనా ఆ జవాబు కిందే మామూలు మాటల్లో ఒక వరుస రాస్తే చాలు. ఈ పని ఎక్కువగా చేస్తున్నది నిరుడు కొత్తగా చేరినవాళ్లే. ఏ మాట దగ్గర తట్టుకుంటారో వాళ్లకు ఇంకా గుర్తుంది. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాళ్లు అది మరిచిపోయి ఉంటారు. కాబట్టి కొత్తవాళ్లను పలకరించే పని, పాతవాళ్ల కంటే వాళ్లకే అప్పజెప్పాలని మిగతా అడ్మిన్లతో అన్నాను. ఇద్దరు ఒప్పుకున్నారు.

మిగిలింది మా ల్యాబు కాగితం. రైతు చేతికి ఇచ్చే రిపోర్టు అంతా ఇంగ్లీషు పొట్టి పేర్లే. ఆల్కలినిటీ 80 అని ఉంటే అది మంచిదో చెడ్డదో చదివేవారికి తెలియదు. పీహెచ్ పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటిగా ఊగిసలాడకుండా నీళ్లను పట్టి ఉంచేది అదేనని, 100 కన్నా తగ్గనివ్వకుండా చూసుకోవాలని ప్రతి ఒక్కరికీ నోటితో చెబుతున్నాను. రద్దీగా ఉన్న రోజు అందరికీ చెప్పడం కుదరదు. ల్యాబు పళ్లెంలో పెరిగిన వైబ్రియో గుంపుల రంగును బట్టి గ్రీన్ కాలనీలు, ఎల్లో కాలనీలు అని లెక్క రాసిస్తే, పచ్చగా ఉంటే మంచిదే కదండీ అని అడుగుతారు, పచ్చవాటితోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని వాళ్లకు ఎవరు చెబుతారు? ఆ కాగితం వెనకవైపు ఖాళీగానే ఉంటుంది. ఒక్కో పరీక్ష దేనికో, ఎంత ఉండాలో, తక్కువైతే ఆ రోజు చేయాల్సిన పని ఏమిటో అక్కడ తెలుగులో అచ్చు వేయిద్దామని మా ల్యాబు యజమానిని అడిగాను. ఖర్చెంత అవుతుందన్నారు. భీమవరంలో ప్రెస్సు వాళ్లను కనుక్కుని చెబుతానన్నాను.